సాయంకాలం ఆరున్నరకు ఢిల్లీ

ఢిల్లీ నగరాన్ని గురించి వ్రాయబూనినవారు సాధారణంగా కుతుబ్ మీనారుతో మొదలుపెట్టి కరోల్ బాగ్ బజారుతో ముగిస్తారు. ఆఫీసు పని మీద రెండు రోజులకు వచ్చే మన ప్రాజెక్టుల సోదరులు కూడా ఆ వరుసలోనే అన్నీ చూసి, పిల్లలకు నాలుగు స్వెట్టర్లు కొని తిరుగు ప్రయాణం కడతారు. మేము బదిలీ మీద ఈ నగరానికి వచ్చి పన్నెండేళ్లు కావస్తున్నది. మొదటి నాలుగేళ్లు మేమూ అంతే. లోధీ రోడ్డులోని స్కోప్ కాంప్లెక్స్‌లో ఫైళ్లు చూడడం, సాయంకాలం నోయిడాకు మెట్రోలో నిలబడి పోవడం, ఇదే మాకు తెలిసిన ఢిల్లీ.

తరువాత తెలిసివచ్చిన ఢిల్లీ వేరొకటి ఉన్నది. అది సాయంకాలం ఆరున్నరకు మొదలవుతుంది. దానికి టిక్కెట్టు లేదు, ఆహ్వానపత్రం అక్కరలేదు. ఏదో ఒక సభామందిరంలో ఎవరో ఒక పెద్దమనిషి దేశానికి సంబంధించిన ఏదో ఒక విషయం మీద నలభై నిమిషాలు మాట్లాడతారు. నీటి కొరత కావచ్చు, న్యాయస్థానాలలో పేరుకున్న వ్యాజ్యాలు కావచ్చు, పొరుగు దేశంతో సరిహద్దు కావచ్చు. ఆ పైన ప్రశ్నలు. మాజీ రాయబారి పక్కన బ్యాంకు గుమాస్తా, ఆయన పక్కన విశ్వవిద్యాలయ విద్యార్థిని కూర్చుంటారు. మైకు అందరి దగ్గరకూ వస్తుంది.

మా వంటి వారికి ఇది ఎలా అలవాటయినదో చెప్పాలి. ఒకనాడు వర్షం పడుతుంటే తలదాచుకోవడానికి ఇండియా హేబిటాట్ సెంటర్‌లోకి వెళ్లాము. 1993లో ప్రారంభమైన ఆ సముదాయం మా ఆఫీసు నుండి లోధీ రోడ్డు వెంట అరగంట నడక. భవనాల నడుమ ఉన్న ముంగిళ్ల పైన, చాలా ఎత్తున, నీలిరంగు పలకల పందిరి ఒకటి కనిపిస్తుంది. మే నెల ఎండను విరిచి, గాలిని మాత్రం పోనిచ్చే ఏర్పాటు అది. ఇంజినీరు కళ్లకు అది చాలు, తల ఎత్తి చూస్తూ నిలబడిపోయాము. నిలబడినచోటే ఒక నోటీసు బోర్డు. ఆ సాయంకాలం భూగర్భజలాల మీద ఉపన్యాసం, అందరూ ఆహ్వానితులే అని వ్రాసి ఉన్నది. వర్షం ఎలాగూ తగ్గలేదు.

ఆ పందిరిని ఊహించిన వాస్తుశిల్పి జోసెఫ్ అలెన్ స్టైన్. అమెరికా నుండి 1952లో కలకత్తాకు అధ్యాపకుడుగా వచ్చి, ఢిల్లీలో స్థిరపడి, 2001లో కాలం చేసిన మనిషి. లోధీ ఉద్యానవనాన్ని ఆనుకొని మాక్స్ ముల్లర్ మార్గ్‌లో ఉన్న ఇండియా ఇంటర్నేషనల్ సెంటర్ కూడా ఆయన రూపకల్పనే. ఈ పరిసరాలలో ఆయన కట్టినవి ఎన్ని ఉన్నాయంటే, తెలిసినవారు వేడుకగా దీనిని ‘స్టైనాబాద్’ అంటారు. ఇంటర్నేషనల్ సెంటర్ భవనం ఎత్తుకు పోదు. ముతక రాతి గోడలు, కాంక్రీటు జాలీలు, వాటి వెనుక చెట్లు. సభకు తొందరగా వచ్చినవాడు పావుగంట ఆ నీడలో నడిస్తే, ఆఫీసులో నెత్తికెక్కినదంతా దిగిపోతుంది.

ఈ సెంటర్ చరిత్రలో మన తెలుగువారు గుర్తుంచుకోదగినది ఒకటి ఉన్నది. 1958లో జాన్ డి. రాక్‌ఫెల్లర్ మూడవవారికీ, డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారికీ మధ్య జరిగిన ఆలోచన దీనికి మూలం. 1960లో అప్పటి జపాను యువరాజు అకిహితో శంకుస్థాపన చేశారు. 1962 జనవరిలో, అప్పటికి ఉపరాష్ట్రపతిగా ఉన్న రాధాకృష్ణన్‌గారే ప్రారంభోత్సవం చేశారు. దానిని ఒక రూపానికి తెచ్చిన అధ్యక్షులు సి.డి. దేశ్‌ముఖ్‌గారు. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, తరువాత కేంద్ర ఆర్థికమంత్రి. అన్నింటికీ మించి, మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయిగారి భర్త. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు స్థాపించిన సాంఘికాభివృద్ధి మండలి కార్యాలయం సెంటర్‌కు దగ్గరలోనే, లోధీ ఎస్టేట్‌లోనే ఉన్నది. ఆమె పేరిట స్మారకోపన్యాసాలు జరుగుతూ వచ్చాయి. మెట్రోలో పింక్ లైనుపైన దక్షిణ ప్రాంగణం స్టేషనుకు ఆమె పేరు పెట్టారు. ఆ పేరు మైకులో వినిపించినప్పుడల్లా మా శ్రీమతి తల ఎత్తి చుట్టూ ఉన్నవారిని చూస్తుంది, మనవాళ్ల పేరు సుమా అన్నట్టు.

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా ఖద్దరు ప్రదర్శనశాల గుమ్మంలో స్వచ్ఛంద సేవికగా నిలబడిన పద్నాలుగేళ్ల దుర్గాబాయి, టిక్కెట్టు లేదని సాక్షాత్తు జవాహర్‌లాల్ నెహ్రూను ఆపివేసిన కథ మనందరికీ తెలిసినదే. నిర్వాహకులు టిక్కెట్టు కొని తెచ్చిన పిమ్మటనే ఆమె లోనికి విడిచిపెట్టింది. ఆమె భర్త తీర్చిదిద్దిన ఈ సభామందిరంలో ఎవరినీ ఎవరూ టిక్కెట్టు అడగరు. ఆ రెండూ ఒకే న్యాయమని మాకు తోస్తుంది. గుమ్మం దగ్గర పెద్దవాడికి ఒక లెక్క, చిన్నవాడికి ఒక లెక్క ఉండకపోవడమే కదా రెండింటిలోనూ ఉన్నది.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇక్కడ ఉపన్యాసం ఉచితమే గానీ భోజనశాల సభ్యులకు మాత్రమే. సభ్యత్వం కావాలంటే ఏళ్ల తరబడి వేచి ఉండాలి. కనుక లోకజ్ఞానం కడుపునిండా పెట్టి, ఆకలితో ఇంటికి పంపుతారని మా సహోద్యోగి ఒకరు పరిహాసం చేస్తుంటారు. ఖాన్ మార్కెట్ మెట్రో దగ్గర వేరుశనగకాయలు కొనుక్కొని మేము ఆ లోటు తీర్చుకుంటున్నాము.

ఇటువంటి సాయంకాలపు సభలకు ఢిల్లీలో పెద్ద వంశవృక్షమే ఉన్నది. బారాఖంబా రోడ్డులోని సప్రూ హౌస్‌లో ప్రపంచ వ్యవహారాల మండలి ఉపన్యాసాలు 1950ల నాటినుండీ పేరున్నవి. తీన్ మూర్తి భవనంలోనూ ఎన్నో విన్నాము. దీన్ దయాళ్ ఉపాధ్యాయ మార్గ్‌లోని గాంధీ శాంతి ప్రతిష్ఠానం గోడలు మరింత చూశాయి. 1975 జూన్ 25 సాయంకాలం రామ్‌లీలా మైదానంలో మాట్లాడి వచ్చి నిద్రించిన జయప్రకాశ్ నారాయణ్‌గారిని, తెల్లవారకముందే అక్కడి నుండే అరెస్టు చేసి తీసుకుపోయారు.

కానీ వీటన్నిటికీ పెద్ద, మా దృష్టిలో, తీస్ జనవరి మార్గ్‌లోని పచ్చిక బయలు. నాటి బిర్లా భవనం, నేటి గాంధీస్మృతి. 1947 సెప్టెంబరు 9 నుండి 1948 జనవరి 30 వరకు, 144 రోజులు గాంధీజీ అక్కడ ఉన్నారు. ప్రతి సాయంకాలం ప్రార్థన, దాని తరువాత ఆనాటి దేశ సమస్య మీద కొద్దిసేపు ప్రసంగం. ఎవరైనా రావచ్చు. శరణార్థులు వచ్చారు, కోపంతో వచ్చారు, తిట్టడానికి కూడా వచ్చారు. చీటీల మీద ప్రశ్నలు వ్రాసి పంపేవారు, ఆయన వాటికి సభలోనే జవాబు చెప్పేవారు. అంతకు ముందు వాల్మీకి కాలనీలో ఉన్న రోజులలో, ఖురాను వాక్యాలు చదవడానికి వీల్లేదని ఒక్కరు అడ్డుచెప్పినా ప్రార్థన ఆపివేసిన సందర్భాలు ఉన్నాయి. 1948 జనవరి 20న ఆ సభలోనే బాంబు పేలినది. వచ్చేవారిని సోదా చేద్దామని పటేల్‌గారు కోరితే ఆయన అంగీకరించలేదు. పది రోజుల తరువాత ఏమి జరిగినదో లోకానికంతా తెలుసు. ఆ పచ్చిక మీద ఆయన చివరి అడుగులను గుర్తులుగా పొదిగి ఉంచారు. మేము ఎన్నిసార్లు వెళ్లినా ఆ అడుగులకంటె, జనం కూర్చున్న ఖాళీ స్థలాన్నే ఎక్కువసేపు చూస్తాము.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న సంగతికి వస్తాము.

2022 చివరలో మా అమ్మగారు పోయారు. రాజమండ్రి ఇంటికి తాళం వేసి నాన్నగారిని నోయిడాకు తీసుకువచ్చాము. అప్పటికి ఆయనకు ఎనభై మూడేళ్లు. నీటిపారుదల శాఖలో ధవళేశ్వరం హెడ్‌వర్క్స్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా సూపర్‌వైజరుగా చేసిన మనిషి. పదకొండవ అంతస్తు బాల్కనీలో కూర్చుని, కింద కనబడే కార్లను లెక్కపెట్టడం తప్ప ఆయనకు పని లేకుండాపోయినది. హిందీ రాదు. అపార్టుమెంటులోని వృద్ధులు మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్లిపోయేవారు. నాలుగు నెలలలో ఆయన మాటలు రోజుకు ఇరవైకి దిగాయి. “నన్ను పంపించెయ్యరా అబ్బాయ్” అన్నవే వాటిలో సగం.

ఏమి చేయాలో తోచక, ఒక సాయంకాలం మా శ్రీమతి ఆయనను మెట్రోలో తీసుకువచ్చినది. మండీ హౌస్‌లో రైలు మారి ఖాన్ మార్కెట్‌లో దిగారు, మేము ఆఫీసు నుండి వచ్చి కలుసుకున్నాము. ఆనాటి ఉపన్యాసం దేని మీదనో మాకు గుర్తు లేదు. నాన్నగారు మాత్రం గోడలు చూశారు, కుర్చీలు చూశారు, అందరికీ మైకు తిరగడం చూశారు. తిరుగుదారిలో అన్నారు: “మన టౌన్ హాల్ లాగుందిరా.”

రాజమండ్రి టౌన్ హాలు వీరేశలింగం పంతులుగారు 1890లో కట్టించినది. నాన్నగారి బాల్యమంతా ఆ ప్రాంగణంలో జరిగే సభల వెనుక బెంచీ మీద గడిచినదట. ఏ సభలో ఎవరు ఏమి మాట్లాడారో, ఎవరు లేచి ఎవరిని నిలదీశారో, ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పుకుంటూ పోయారు. మా శ్రీమతి అన్నం చల్లారిపోతున్నా ఆపలేదు. ఆనాటి నుండి వారానికి రెండు సభలు మాకు నియమమైపోయాయి. ఇంగ్లీషు ఆయనకు చదివితే బాగా అర్థమయ్యేది, వింటే సగం. మిగతా సగం మేము చెవిలో చెప్పేవాళ్లం.

ఆ సంవత్సరమే జూలైలో యమున పొంగినది. పాత రైల్వే వంతెన దగ్గర ప్రమాదస్థాయి 205.33 మీటర్లు. జూలై 13న 208.66కు చేరినది. 1978 నాటి 207.49 రికార్డు చెరిగిపోయినది. రింగు రోడ్డు మీద పడవలు తిరిగాయి, రాజఘాట్ మునిగినది. మా ఆఫీసుకు రెండు రోజులు సగంమంది రాలేదు. టీవీ ముందు నుండి నాన్నగారు కదలలేదు. ఎగువన హథ్నీకుండ్ బ్యారేజీ నుండి ఎన్ని క్యూసెక్కులు వదిలారో గంటగంటకూ పాత డైరీలో వ్రాసుకున్నారు. చూసి చూసి ఒక మాట అడిగారు. “2019లో ఎనిమిది లక్షల పైచిలుకు వదిలితే ఇక్కడ 206.60 దగ్గర ఆగిందని చెబుతున్నాడు. ఇప్పుడు మూడున్నర లక్షలకే ఇంత ఎత్తు ఎలా వచ్చిందిరా?”

మేము ఇంజినీరింగు చదివినవాళ్లమే. వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

ఆ శరదృతువులో ఒక సభామందిరంలో ఆ వరదల మీదనే చర్చ ఏర్పాటయినది. వక్త నదీశాస్త్రం బాగా ఎరిగిన పండితులు. వజీరాబాద్ నుండి ఓఖ్లా వరకు 22 కిలోమీటర్ల మేర నది ఒడ్డు ఎలా ఆక్రమణకు గురయినదో, వంతెనలు నీటి దారిని ఎలా ఇరుకు చేశాయో, ఇసుకా పూడికా నదీగర్భాన్ని ఎలా పైకెత్తాయో పటాలతో చూపించారు. ఐ.టి.ఓ. బ్యారేజీకి 32 తలుపులుంటే వాటిలో అయిదు పూడికలో బిగుసుకుపోయి లేవలేదన్న సంగతి కూడా వచ్చినది. పత్రికలలో అప్పటికే వచ్చిన విషయమే అది.

ప్రశ్నల సమయం వచ్చినది. ఇక్కడ ఒక మాట. ఢిల్లీ సభలలో ప్రశ్న పేరిట ఉపన్యాసం చేసేవారు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. “నాది ప్రశ్న కాదు, చిన్న వ్యాఖ్య మాత్రమే” అని మొదలుపెట్టారంటే అయిదు నిమిషాలు పోయినట్లే. ఆ రోజు కూడా ఇద్దరు అయ్యారు. మూడవసారి మైకు మా వరుస పక్కగా వస్తుంటే నాన్నగారు చేయి ఎత్తారు. మా గుండె ఝల్లుమన్నది. ఏళ్లుగా సభలకు వస్తూ మేము ఒక్కనాడు కూడా చేయి ఎత్తినవాళ్లం కాదు.

ఆయన లేచి నిలబడి, మైకు రెండు చేతులతో పట్టుకుని, తెలుగులో అడిగారు. “మా ధవళేశ్వరంలో బ్యారేజీకి 175 తలుపులు. వరదల కాలం రాకముందే ప్రతి తలుపునూ పూర్తిగా పైకెత్తి, దించి, గ్రీజు పెట్టి, తేదీ వేసి రిజిస్టరులో వ్రాసేవాళ్లం. 1986లో ముప్ఫై అయిదు లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు ఊళ్లు మునిగాయి, గట్లు తెగాయి. తలుపు లేవలేదన్న మాట మాత్రం రాలేదు. నాకు తెలియవలసింది ఒకటే. ఇక్కడ బిగుసుకుపోయిన ఆ అయిదు తలుపులనూ అంతకు ముందు చివరిసారి ఏ తేదీన ఎత్తి దించారు? ఆ తేదీ వేసిన రిజిస్టరు ఉన్నదా?”

మేము లేచి ఇంగ్లీషులో అనువదించాము. గొంతు కొంచెం వణికిందని మా శ్రీమతి తరువాత చెప్పినది. సభలో చప్పుడు లేదు. ఆ పండితులు కళ్లజోడు తీసి, తమ కాగితం మీద ఏదో వ్రాసుకున్నారు. “నా దగ్గర దీనికి సమాధానం లేదు. నేను ఈ ప్రశ్న అడిగి ఉండవలసింది” అన్నారు. సభ ముగిశాక మా వరుస వరకు దిగివచ్చి, నాన్నగారి పక్క కుర్చీలో కూర్చున్నారు. తలుపు ఎత్తేటప్పుడు ఏ చప్పుడు వస్తే లోపల పూడిక ఉన్నదని గుర్తో అరగంట సేపు అడిగి తెలుసుకున్నారు. దీపాలు ఆర్పే మనిషి రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు.

రిజిస్టరు అన్న మాట దగ్గర మాకు లోలోపల కలిగిన ఉలికిపాటును కూడా ఇక్కడ వ్రాయక తప్పదు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో మేము సంతకం చేసిన రిజిస్టర్లు ఎన్నో. ప్రతి పరీక్షనూ కళ్లతో చూసే చేశామా, లేక కింది ఉద్యోగి మీద నమ్మకంతో పేజీలు తిప్పామా? ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు. మరునాడు ఆఫీసులో ఒక పాత మెయింటెనెన్సు నివేదిక తెప్పించుకుని, తేదీలు ఒక్కొక్కటీ చూశాము. అందులో ఏమి కనబడినదన్నది ఈ వ్యాసానికి సంబంధించినది కాదు. మూడు ఫోన్లు చేయవలసివచ్చినదని మాత్రం చెప్పగలము.

ఈ సభలలో లోపాలు లేకపోలేదు. ఉచితం అన్నంత మాత్రాన అందరికీ అందుబాటు అని అర్థం కాదు. భాష చాలామటుకు ఇంగ్లీషు, చోటు చాలామటుకు లోధీ ఎస్టేట్, సమయం ఆరున్నర. బయట చెట్ల కింద కార్లలో డ్రైవర్లు నిద్రపోతుంటారు, వారిలో ఎవరినీ లోనికి రావద్దని అన్నవారు లేరు, రమ్మన్నవారూ లేరు. యమున ఒడ్డున గుడిసె కొట్టుకుపోయినవారు ఆ వరద చర్చలో ఒక్కరైనా ఉన్నారో లేదో మాకు తెలియదు. ఆడపిల్లలు ప్రశ్నల సమయానికే లేచి వెళ్లిపోతుంటారు, ఇంటికి చేరే వేళ చూసుకోవాలి కదా. కోవిడ్ తరువాత చాలా ఉపన్యాసాలు ఫోనులోనే చూసే వీలు కలిగినది. మంచిదే. కానీ మేము వెళ్లిన సభలలో కుర్చీలు మునుపటికంటె ఖాళీగా ఉంటున్నాయి, ఉన్న తలలు మునుపటికంటె తెల్లగా ఉంటున్నాయి. ఫోనులో చూసేవాడి పక్కన ఎవరూ వచ్చి కూర్చోరు.

ఢిల్లీకి పని మీద వచ్చే మన మిత్రులకు మా మనవి ఇంతే. ఒక సాయంకాలం బజారు మానండి. సెంటర్‌ల గుమ్మాలలో కార్యక్రమాల పట్టిక అంటించి ఉంటుంది. అందరికీ ప్రవేశం ఉన్నదో లేదో ఆ పట్టికలోనే చూసుకోవచ్చు. పదిహేను నిమిషాలు ముందు వెళితే మంచి కుర్చీ దొరుకుతుంది.

నాన్నగారు ఏడాది తరువాత రాజమండ్రి వెళ్లిపోయారు. తాళం తీయించి, తన ఇంట్లో తానే ఉంటున్నారు. ఈసారి పంపించమని బతిమాలలేదు, చెప్పి వెళ్లారు. సభ ఉన్న రోజున రాత్రి తొమ్మిదింటికి ఫోను చేస్తారు. వక్త పేరు అడగరు, విషయం రెండు మాటలలో వింటారు. మొన్న మంగళవారం కూడా అడిగారు.

“చివర ఎవరైనా ప్రశ్న అడిగారా?”

“ఒకాయన లేచి పది నిమిషాలు మాట్లాడారు నాన్నగారూ.”

“అంటే ఎవరూ అడగలేదన్నమాట. నువ్వేం చేస్తున్నావు?” అని ఫోను పెట్టేశారు.